ఎర్సీలియో గాస్కెట్లు

ఇటలీలోని ట్రియెస్తేలో ట్రాము నడిపి రిటైరైన ఎర్సీలియోకి తెల్లారితే తన మోకాతో, అంటే రెండు భాగాలూ మరతిప్పి బిగించే కాఫీపాత్రతో తగాదా. అది పెళ్లినాటిది. దానికి సబ్బు తగలనివ్వడు, విరుగుతుందని పిడి పట్టుకుని బిగించడు. అయినా పైభాగం, కిందిభాగం కలిసేచోట కాఫీ బుసబుసా కారి స్టవ్వు మీద మాడుతుంది. "ఇదేం రబ్బరు, బంకముద్ద! మా కాలపు రబ్బరు ఇలా ఏడ్చేదా?" అని దుకాణంవాడి మీద ఎగిరి, ఆ రెండింటి మధ్య వేసే రబ్బరు చుట్టు, కొత్త గాస్కెట్టు తెస్తాడు. రబ్బరు వాసన పోవాలని ఆనవాయితీ ప్రకారం మొదటి వాయిలు సింకులో పారబోస్తాడు. తీరా తాగబోయే వాయి మళ్లీ కారుతుంది. తీసేసిన గాస్కెట్లు కిటికీ గట్టు మీద గాజుల్లా పేరుకున్నాయి.

ఒకరోజు ఆ తిట్లు వినలేక పక్కింటి నివేస్ తలుపు తోసుకొచ్చింది. "ఇటివ్వు బాబాయ్." గట్టు మీది పాత గాస్కెట్టే ఒకటి తొడిగి, పాత్రను ఒక్క తిప్పు తిప్పి స్టవ్వెక్కించింది. చుక్క కారలేదు. "రబ్బరు నిక్షేపంలా ఉంది. అరిగింది నీ మణికట్టు."

"తాగి పోవమ్మా," అన్నాడతను మొహం తిప్పుకుని.

మర్నాడు పాత్ర విప్పబోతే రాలేదు. గుడ్డ చుట్టాడు, మోకాళ్ల మధ్య ఇరికించాడు, దేవుణ్ణి తిట్టాడు. చివరికి పాత్ర చంకన పెట్టుకుని వెళ్లి నివేస్ తలుపు తట్టాడు.

"సరిగ్గా బిగించడం కూడా రాదు నీకు!" అన్నాడు, పాత్ర ఆమె చేతిలో పెడుతూ.