చిన్నత్తకు ఆరు లైన్లు

ఆ వార్త మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పొద్దున్నే పూలు తెచ్చే అవ్వ. బంతిపూలతో పాటు మా భివండిలోని నార్పోలి గల్లీల సంగతులన్నీ ఆమె గంపలో ఉంటాయి. ఆ రోజు పూలు మూర వేయకముందే గడప మీద కూలబడి, "బిడ్డా, మూడు తాళాలేసిండ్రు" అంది.

మా వెనక గల్లీలో పన్నెండు సాంచలున్న పెద్దమనిషి ఒకాయన ఆ మధ్య కాలం చేశాడు. మరమగ్గాలను మేము సాంచలంటాం. ఎవరికి ఏమివ్వాలో అంతా తన తలలో ఉందనేవాడు. కాగితం మీద ఒక్క ముక్క పెట్టకుండా ఆ తలతోనే వెళ్లిపోయాడు. ముగ్గురు కొడుకులు మూడు తాళాలు తెచ్చి కార్ఖానా తలుపుకు బిగించారు. ముగ్గురూ కలిసి వస్తే గానీ తలుపు తెరుచుకోదు, ఆ ముగ్గురికీ మాటల్లేవు. సాంచల మీద సగం నేసిన బట్ట ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

"లోపట ఎలుకలు మస్తు బతుకుతున్నయ్ బిడ్డా. గా కార్ఖానకు ఇప్పుడు గవ్వే షావుకార్లు" అని అవ్వ పూలు ఇచ్చి లేచింది.

పక్కనే మా మామ ఛాయ్ తాగుతూ అంతా విన్నారు. ఆయన పదిహేడేళ్ల వయసులో కరీంనగరం వైపు నుంచి భివండి వచ్చి, పరాయి సాంచలు నడిపి, మెల్లగా ఎనిమిది సాంచలు తనవి చేసుకున్నారు. కార్ఖానా, దాని వెనక మేమందరం ఉండే ఇల్లు, కార్ఖానా మీద ఒక గది. అంతే మా ఆస్తి. అంత ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ పైగదిలో మా చిన్నత్త ఉంటుంది. ఆమె మా మామకు చెల్లెలు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే అన్న దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచి, అంటే నలభై ఏళ్లుగా, మా సాంచలకు కండెలు చుడుతోంది. నాడెలో పెట్టే ఆ దారపు చుట్టలు లేకపోతే సాంచ ఒక్క పోగు కూడా నేయలేదు.

ఆ రోజు అన్నం తినేటప్పుడు మా ఆయన మెల్లగా అన్నారు: "బాపూ, మనం గూడ ఏదన్న రాసిపెట్టుకుంటె మంచిగుంటది గద."

మామకు కోపం వచ్చింది. "ఏంది రాసేది? మనం మార్కండేయుని వంశపోళ్లం. యముడు తాడేసి గుంజినా రాలే గాయన. మనకెందుకుర వీలునామ?"

చిన్నత్త చారు పోస్తూ, తలెత్తకుండానే అంది: "గాయనకు పదారేండ్లనే అన్నా. నీకు డెబ్బయ్యారు. యముడు తాడు గూడ తేడు, చెయ్యి పట్టుకోని తోల్కపోతడు."

మామ గబగబా అన్నం ముగించి లేచారు. కానీ మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెనక గల్లీకి వెళ్లి, ఆ మూడు తాళాల ముందు చాలాసేపు నిలబడ్డారట. కిటికీ సందులో నుంచి సాంచ మీది బట్టను చూశారట. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఎలుకలు అంచు కాడికెల్లి మొదలువెట్టినయ్. వకీలును పిలువుండ్రి" అన్నారు.

వకీలు మరాఠీ ఆయన, నెమ్మదస్తుడు. వీలునామా ఏ భాషలోనైనా రాసుకోవచ్చని, కింద సంతకం, ఇద్దరు సాక్షులు ఉంటే చాలని, మరాఠీ తర్జుమా తర్వాత తాను చూసుకుంటానని చెప్పాడు. సాక్షులు ఆస్తిలో ఏమీ పొందని వాళ్లయి ఉండాలి, మీకంటే చిన్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అయితే మేలు, రేపు అవసరం పడితే వచ్చి చెప్పగలగాలి కదా అన్నాడు.

ఈ చివరి మాట మా మామ మనసులో దిగబడిపోయింది. అది తర్వాత చెబుతాను. ముందు రాసేదెవరన్నది తేలాలి.

"నాకు తెల్వని బాస కింద నేను దస్కత్ వెట్ట" అన్నారు మామ. తెలుగులోనే కావాలి. మా ఆయన, మరిది హిందీ బడిలో చదివారు. నా యారాలు, అంటే మరిది భార్య, మరాఠీ బడిలో చదివింది. పిల్లల సంగతి సరే సరి, తెలుగు అక్షరాలు చూస్తే జిలేబీ చుట్టలని నవ్వుతారు. మామకు సంతకం మటుకే వచ్చు. మిగిలింది నేను. నేను ఏ బడికీ పోలేదు. శుక్రవారం పూట వ్రతకథ చదువుకోవాలని మా నాయన ఇంట్లోనే, పలక మీద, సాంచల చప్పుడు నడుమ అరిచి అరిచి నేర్పిన అక్షరాలు నావి. అవి ఇట్లా వీలునామాకు అక్కరకొస్తాయని ఆయన అనుకుని ఉండడు. ఆయన రుణం తీరేది కాదు.

ఇక సాక్షుల వేట. మా మామ వారం రోజులు సాయంత్రం పూట వరాలా తలావ్ దగ్గరకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. చెరువు చుట్టూ నడిచేవాళ్లలో ఎవరు గట్టిగా ఉన్నారో చూడడమే పని. ఇంటికి వచ్చి లెక్క చెప్పేవారు.

"కిరాణ దుకాణపాయన సగం సుట్టుకే రొప్పుతుండు. గాయన నాకంటె ముందుగాలనే పోతడు."

"మామా, గట్ల అనొద్దు."

"అంటలేను బిడ్డా, సూస్తున్న."

ఒకాయన నోట్లో గుట్కా ఉందని కొట్టేశారు. ఇంకొకాయన నడక బాగుంది గానీ తండ్రి చిన్న వయసులోనే పోయాడని తెలిసి వద్దన్నారు. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆయన్ని ఆపి, "మీ నాయిన ఎన్నేండ్లు బతికిండు?" అని అడిగారట. దాంతో మా మామకు చివరి రోజులొచ్చాయని, పిచ్చి పిచ్చిగా మాట్లాడుతున్నారని ఊళ్లో మనవాళ్లందరికీ పాకింది. చూడ్డానికి వచ్చేవాళ్లు, అరటిపళ్లు తెచ్చేవాళ్లు. మామ తలుపు తీసి, "ఎవరికి బాగలేదు?" అని అడిగి, వాళ్ల ముందే రెండు పళ్లు తినేవారు.

చివరికి ఇద్దరు తేలారు. ఒకరు గల్లీ మూలన మందుల దుకాణం నడిపే ఆయన. "తన దుకాణంల గోలి తానెన్నడు మింగలే. గట్టి మనిషి." రెండోది ఒక ఆడమనిషి, మరాఠీ బడిలో ఆటలు నేర్పే టీచరమ్మ. "వేరేటోళ్లు ఒక్క సుట్టు తిరిగెవరకు ఆమె మూడు సుట్లు తిరుగుతది" అన్నారు మామ. ఆడవాళ్లు సాక్షి సంతకం పెట్టవచ్చా అని మరిది అడిగితే, "గీమె వంద దాటుతదిర. యముడు గూడ ఎనుక ఉరికి అందుకోలేడు" అన్నారు.

రాత ఒక శుక్రవారం పెట్టుకున్నాం. ఆ రోజు సాంచలు బందు కాబట్టి మాటలు వినిపిస్తాయి. దేవుడికి దీపం పెట్టి, కాగితం పైన 'శ్రీ' రాసి కూర్చున్నాను. నా యారాలు నన్ను ఆనుకుని కూర్చుంది. ఆమెకు తెలుగు చదవను రాదు. అయినా కాగితం మీద నుంచి చూపు తీయలేదు.

మామకు సాంచల నంబర్లు తెలియవు, గుణాలు తెలుసు. "రాయి బిడ్డా. తలుపు దిక్కు నాలుగు సాంచలు పెద్దోనికి. గవ్వి వానకాలం పోగులు తెంపుతయ్, జర బుదగరిచ్చి, బుజ్జగిచ్చి నడపాలె. పెద్దోనికి ఓపిక ఉన్నది. గోడ దిక్కు నాలుగు చిన్నోనికి. మంచియి."

యారాలు వేలు పెట్టి లెక్కబెట్టింది. "అక్కా, మీ ఆయనకు నాలుగు లైన్లు, మా ఆయనకు రెండేనా?"

"మీ సాంచలకు వంకలు లేవమ్మా. చెప్పేది తక్కువున్నది."

"అదంత నాకు తెల్వది. గిట్ల చాలనార్ నాహీ, నడవది. లైన్లు సమానం ఉండాలె."

నాకు నవ్వొచ్చింది. మామకు మాత్రం అది న్యాయంగానే తోచింది. "సరే, రాయి. గోడ దిక్కు సాంచలు మా ఇంటిది బతికున్నప్పుడు కొన్నయి, ఆమె పసుపు కుంకుమ వెట్టినయి, వాటిని అమ్మొద్దు" అన్నారు. అది కలిపినా మూడు లైన్లే అయింది. దేవుడు క్షమించాలి, నాలుగో లైను వచ్చేదాకా నేను అక్షరాలు లావు చేసి రాశాను.

ఇల్లు చెరి సగం అయింది. తర్వాత మామ, "కార్ఖాన, దాని మీది గది ఇద్దరికి సమానం" అన్నారు.

నా చెయ్యి ఆగింది. చిన్నత్త ఛాయ్ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"మామా, మీది గదిల చిన్నత్త ఉంటది గద. ఆమె సంగతి ఏం రాయాలె?"

"ఉంటది. ఉండక యాడికి పోతది? నేను జెప్పింది రాయి."

చిన్నత్త వచ్చి నా భుజం గిల్లింది. "రాయి తల్లీ. కాయిదం మీద ఎక్కనీకి నేనేమన్న సాంచనా?"

రాశాను. కానీ మా ఆయన, మరిది అంతకు నెల ముందు మెట్ల కింద నిలబడి, ఆ గది నూలు బస్తాలకు బాగుంటుందని మాట్లాడుకోవడం నేను విన్నాను. చెల్లెలికి అన్న ఆస్తిలో, కొడుకులుండగా, రాయనిదే ఏమీ రాదని వకీలు చెప్పిన మాట కూడా విన్నాను. కలం నా చేతిలో ఉంది. ఆ ఇంట్లో ఆ కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే. ఒక్క లైను కలిపితే ఎవరికీ తెలియదు. దీపం వైపు చూసి కలం కింద పెట్టేశాను. ఆయన చెప్పనిది రాయకపోవడం మంచిదే అయింది. కానీ రెండోసారి నోరు తెరిచి అడగనూ లేదు. అది తప్పని ఇప్పటికీ అనుకుంటాను.

వకీలు, సాక్షులు వచ్చారు. దుకాణం తెరిచి పెట్టి వచ్చానని మందుల ఆయన కలం కోసం చేయి చాచాడు. టీచరమ్మ ఆపింది. లోపలేముందో సాక్షులు చదవనక్కర లేదు, మామ సంతకం చేస్తుంటే చూస్తే చాలని వకీలు చెప్పాడు. ఆమె హిందీలో, "పిల్లల మార్కుల కాగితమే నేను చదవకుండా సంతకం పెట్టను" అంది. నేను తెలుగులో చదివి, హిందీలో చెప్పాను. ఆమె చిన్నత్త ఇచ్చిన ఛాయ్ తాగుతూ అంతా విన్నది. ఖాళీ కప్పు తిరిగి ఇస్తూ చిన్నత్త ముఖం చూసింది.

"ఇన్‌కా నామ్ కిధర్ హై?" అని అడిగింది. వీరి పేరు ఎక్కడుంది అని.

మామ నవ్వారు. "అరె, వో మేరీ బహన్ హై. ఇధరీచ్ రహేగీ." నా చెల్లెలు, ఇక్కడే ఉంటుందని.

"ఆప్‌కే బాద్?"

మీ తర్వాత? మామ ధీమాగా కొడుకుల వైపు తిరిగారు, జవాబు వాళ్లే చెబుతారని. మా ఆయన తమ్ముడి వైపు చూశారు. పెద్దవాడు ముందు చెప్పాలని మరిది అన్న వైపు చూశాడు. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. ఒకరు అంటారని ఒకరు ఆగారు, అంతే. ఫ్యాను రెండు చుట్లు తిరిగింది. తర్వాత ఇద్దరూ ఒక్కసారే, "మేం సూసుకుంటం బాపూ" అన్నారు.

కానీ పోగు తెగిన క్షణానికీ, సాంచ ఆగే క్షణానికీ నడుమ ఎంత బట్ట పాడవుతుందో మా మామకు చెప్పాల్సిన పని లేదు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. చెల్లెలి వైపు చూడలేకపోయారు.

"కలం తియ్యి బిడ్డా. మీది గది మా చెల్లె ఉన్నన్ని రోజులు మా చెల్లెదే. రాయి."

"నాకేం వద్దన్నా" అంది చిన్నత్త. నేను రాసి చదివాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. పళ్లెం కింద పెట్టి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"రాస్తె మంచిగ రాయి తల్లీ. కిటికి ఎవ్వలు కట్టెయ్యొద్దు."

రాశాను.

"తులసి కుండకు నల్లా నీళ్లు ఒక బిందె ఇయ్యాలె. మెట్ల మీద బస్తాలు వెట్టొద్దు. నా మోకాళ్లు నొస్తయ్. పండుగకు కింద వండితె నన్ను కిందికి పిలువాలె, పళ్లెంల పెట్టి మీదికి పంపుడు గాదు."

"ఇంకేమన్న ఉన్నదా?" అన్నారు మామ.

"నా గదిల ఫ్యాను పాడైంది. గా ముచ్చట గూడ రాయి."

యారాలు వేలు కాగితం మీద పైకి, కిందికి పోయింది. "అయ్యో! చిన్నత్తకు ఆరు లైన్లు! కొడుకులకు నాలుగేనా మామా?"

"ఆమె నలభై ఏండ్లు కండెలు సుట్టింది" అన్నారు మామ. "నువ్వు గూడ రేపటి సంది సుట్టు. నీకు ఏడు రాపిస్త."

టీచరమ్మకు ఆ మాట హిందీలో చెబితే పగలబడి నవ్వింది. మామ సంతకం పెట్టారు, సాక్షులిద్దరూ చూసి పెట్టారు. మందుల ఆయన పరుగున దుకాణానికి పోయాడు. మరాఠీ తర్జుమా, మిగతా పని వకీలు పూర్తి చేశాడు. కాగితం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు, మామ పనిగట్టుకుని అందరికీ చూపించారు.

మామ దేవుడి దయవల్ల గట్టిగానే ఉన్నారు. వీలునామా ఇంకా నడవదు. చిన్నత్తకు మాత్రం అది ఆ రోజు నుంచే నడుస్తోంది. మొన్న మరిది ఒక నూలు బస్తా మెట్ల మీద పెట్టాడు. పైనుంచి కేక వినిపించింది: "తల్లీ, నా కాయిదంల మెట్ల ముచ్చట ఎక్కడున్నది, జర గట్టిగ సదువు!" నాకు నోటికొచ్చు, వంటింట్లో నుంచే చదివాను. మరిది బస్తా ఎత్తుకుని కిందికి పోయాడు. మర్నాడు ఫ్యాను కూడా బాగు చేయించాడు.

టీచరమ్మకు వేరే ఊరి బడికి బదిలీ అయింది. వెళ్లే ముందు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ, రవిక గుడ్డ ఇచ్చాను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. ఆ మాట ఎందుకు అడిగావమ్మా అని అడుగుదామనుకుని, అదీ అడగలేకపోయాను. నేను అడగాల్సింది ఆమె అడిగింది. చదివేవాళ్లకు నాదొక్కటే మనవి. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఆ టీచరమ్మను ఒక్కసారి తలచుకోండి. ఆమె పేరు నేను రాయకపోయినా దేవుడికి తెలుసు.