గాలి ఆడని మూత

బుచ్చయ్య మొదట్లో రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు కోసేవాడు. తర్వాత ఆ తోటల యజమాని జగన్మోహనరావుగారి ఎడ్లబండి తోలాడు. ఎనభై నాలుగులో ఆయన డీజిల్ పికప్పు కొన్నప్పుడు, "మా బుచ్చయ్య ఉండగా వేరే డ్రైవరెందుకు?" అని తనే పూనుకుని లైసెన్సు ఇప్పించారు. ఆ మాట తలుచుకుంటే చాలు, బుచ్చయ్యకు కడుపు నిండినట్టుండేది.

రెండేళ్ల తర్వాత వేసవిలో, తోటల్లో నిలిపిన బళ్లలోంచి ఎవరో డీజిల్ తీసేస్తున్నారని ఊళ్లో గోల బయల్దేరింది. ఒక సాయంత్రం రావుగారు తాళం ఉన్న ట్యాంకు మూత తెచ్చి స్వయంగా బిగించారు. తాళంచెవి వాళ్లింట్లో మేకుకు వేలాడేది. డీజిల్ పోయించాలంటే బుచ్చయ్య అడిగి తీసుకెళ్లాలి, తిరిగొచ్చి ఇచ్చెయ్యాలి. తాళం ఎందుకో ఆయన చెప్పలేదు. ఇతనూ అడగలేదు.

ఆ వారంలోనే బండి మొరాయించడం మొదలుపెట్టింది. కాయల లోడుతో విజయవాడకు బాగానే బయల్దేరేది. ఆగిరిపల్లి దాటాక యాక్సిలరేటరు ఎంత తొక్కినా లాగేది కాదు. నీరసించి, దగ్గి, ఆగిపోయేది. చాలాసేపు నీడన నిలిపితే మళ్లీ ఏమీ ఎరగనట్టు కదిలేది. కొంతదూరం పోయాక మళ్లీ అదే వరస.

నూజివీడులో మెకానిక్కు లక్ష్మీనారాయణ షెడ్డుకు తీసుకెళ్లారు. రావుగారే తాళం తీసి ట్యాంకు చూపించారు. అడుగున చెత్త లేదు. లక్ష్మీనారాయణ ఫిల్టరు మార్చి, ముసునూరు దాకా తోలి చూశాడు. బండి నిక్షేపంగా నడిచింది. "జబ్బే కనపడట్లేదండీ," అన్నాడు. మర్నాడు లోడుతో మళ్లీ ఆగింది. బండిలో రసాల కాయలు ఎండకు ఉడికిపోయాయి.

ఆ రోజు అన్నం తింటూ ఈ గోడు చెబితే భార్య కనకమ్మ, "ఎప్పట్నుంచి ఇట్టా?" అంది.

"కొత్త మూత బిగించినప్పట్నుంచి," అంటూనే బుచ్చయ్యకు సంగతి తట్టింది. పాత మూతకు సన్నటి బెజ్జం ఉండేది. కొత్తదానికి ఉన్నట్టు గుర్తులేదు. డీజిల్ ఖర్చవుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి. పోకపోతే ఇంజనుకు డీజిల్ అందదు. ఆ మాటే ఆమెకు చెప్పాడు.

"అయితే అయ్యగారికి చెప్పు మరి," అంది కనకమ్మ.

"తాళం తియ్యమని నేనెట్టా అడిగేది? దొంగ అడిగే మాట అది."

రెండు మూడు రోజులు తనలో తనే నలిగాడు. చివరికి రావుగారి దగ్గరికెళ్లి, "రేపు మీరు కూడా బండెక్కండి అయ్యగారూ. తాళంచెవి తెచ్చుకోండి," అన్నాడు.

"ఎందుకురా?"

"బండి ఆగినప్పుడు ట్యాంకు మీరే చూద్దురుగాని."

అనుకున్నట్టే ఆగిరిపల్లి దాటాక ఆగింది. రావుగారు దిగి మూత వదులు చేయగానే ట్యాంకు బుస్సున గాలి పీల్చుకుంది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మూత బిగించి బయల్దేరితే బండి పరిగెత్తింది. ఇంకొంత దూరం పోయాక మళ్లీ నీరసించింది. మళ్లీ తీశారు, మళ్లీ బుస్సుమంది. ఆయన మూతను తిరగేసి చూశారు.

"దీనికి గాలి బెజ్జమే లేదురా. నీకు ముందే తెలుసు కదూ?"

"అనుకున్నానండీ."

"మరి చెప్పలేదేం?"

బుచ్చయ్య రోడ్డు వైపు చూస్తూ, "నా నోటితో తాళం మాట ఎట్టా ఎత్తేదండీ?" అన్నాడు.

రావుగారు మూతను చేతిలో అటూ ఇటూ తిప్పారు. "నిన్ను అనుమానించి వేయలేదురా," అన్నారు చివరికి. అది నిజమో, అప్పటికప్పుడు తోచిన మాటో బుచ్చయ్యకు అంతుపట్టలేదు.

ట్యాంకు నోటికి గుడ్డ చుట్టి విజయవాడ చేరారు. తిరుగుదారిలో పాత మూతే పెట్టేద్దామన్నారు రావుగారు. బుచ్చయ్య ఒప్పుకోలేదు.

"వద్దండీ. దీనికే బెజ్జం వేయిద్దాం. తాళం ఉంటే నాకూ మంచిదే. రేపు ఎవరూ నన్నో మాట అనరు."

లక్ష్మీనారాయణ బెజ్జం వేసిచ్చాడు. బండి ఆ సీజనంతా మళ్లీ ఆగలేదు.

బుచ్చయ్య మనసు మాత్రం అంత త్వరగా కుదుటపడలేదు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకోమని రావుగారు అన్నా, రోజూ సాయంత్రం వెళ్లి ఆయన భార్య తులసమ్మగారి చేతికిచ్చి వచ్చేవాడు. "ఇంకా ఎన్నాళ్లు బుచ్చయ్యా ఈ పంతం?" అని ఆవిడ అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

కోతలు అయిపోయి వానలు పడ్డాక ఒకరోజు ఇవ్వడం మర్చిపోయాడు. ఇంటికొచ్చాక జేబులో చేతికి తగిలింది. వెంటనే లేచి చెప్పులేసుకున్నాడు.

"ఈ వానలో ఎక్కడికి?" అంది కనకమ్మ.

గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, తాళంచెవిని తమ గోడ మేకుకు తగిలించి కూర్చున్నాడు.