సూదుల మేష్టారికి చెప్పిన అబద్ధం

మా సూదుల మేష్టారు పోయారన్న సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. భీమవరంలో ఆటోలు ఆగేచోట, ఇంజనీరింగ్ కాలేజీ ప్రకటనకీ రొయ్యల మేత ప్రకటనకీ మధ్య కట్టారు దాన్ని. పైన మేష్టారి ఫోటో, దానికి కంప్యూటర్లో వేసిన పూలదండ, కింద ‘అశ్రునివాళి’ అన్న మాట. ఇంకా కింద, నివాళి కంటే లావు అక్షరాలతో ఇలా ఉంది: ‘గురువుగారి దివ్య ఆశీస్సులతో చికిత్స యథావిధిగా కొనసాగును. షుగరు, బీపీ, పక్షవాతం మాత్రలు లేకుండా పూర్తిగా నయం.’ పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్న శిష్యుడి ఫోటో. అది మేష్టారి ఫోటోకి రెండింతలుంది.

ఏడుపు రావాల్సిన చోట నాకు ఓకరింపు వచ్చింది. నిజంగానే పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ‘మాత్రలు లేకుండా’ అన్న మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయిన మనిషి ఆయన. పదకొండు రోజులైనా గడవకముందే ఆ మాటని ఆయన గడ్డం కిందే అచ్చు వేశారు.

ఆయన మా హైస్కూల్లో నేచురల్ సైన్స్ మేష్టారు. నేను సోషల్ చెప్పేదాన్ని. ఆయనకి ఎప్పుడో నడుం పట్టేసి, మద్రాసులో సూదులు వేయించుకుంటే తగ్గిందట. ఆ పట్టుదలతో నాలుగు వేసవి సెలవులు అక్కడికే వెళ్ళి ఆ వైద్యం నేర్చుకున్నారు. రిటైరయ్యాక ఇంటి వరండాలో రెండు బల్లలు వేసి మొదలుపెట్టారు. ఆక్యుపంక్చర్ అనే మాట మా వాళ్ళకి నోరు తిరగలేదు. సూదుల మేష్టారన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

తొంభైల్లో ఒక ఏడాది నా కుడి భుజం బిగుసుకుపోయింది. బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవడం లేదు. ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎలా వెళ్ళాననుకున్నారు? తలంటుకుని, కాఫీ చుక్క కూడా ముట్టకుండా వెళ్ళాను. కామెర్లకి పసరు పోయించుకున్నా, నాటుమందు మింగినా పరగడుపునే కదా. దానికి పథ్యం ఉంటుంది, ఆ పథ్యంలో వేరే మందు తగలకూడదు. సూదులూ అలాంటివేనని మా జిల్లాలో అందరూ అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. చదువుకున్నదాన్ని, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని.

"ఏం తిన్నారు?" అని అడిగారు, నా నమస్కారం పూర్తవకుండానే.

"ఏమీ తినలేదండి. పరగడుపునే వచ్చాను," అన్నాను కాస్త గొప్పగానే.

ఆయన ముఖం చిట్లించుకున్నారు. "ఇది పసరు మందు కాదండీ టీచరుగారూ. ఖాళీ కడుపుతో సూది పెట్టించుకుంటే కళ్ళు తిరిగి పడతారు. మిమ్మల్ని లేవనెత్తే ఓపిక నాకు లేదు. వెళ్ళి నాలుగిడ్లీలు తిని రండి."

నాకు చిన్నతనమనిపించింది. తిని వచ్చాక ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే అరగంట సేపు సూది ముట్టకుండా ప్రశ్నలే వేశారు. ఏ మాత్రలు వాడుతున్నారు, రక్తం పల్చబడేవి ఏమన్నా ఉన్నాయా, గుండెకి మిషను పెట్టారా, కడుపుతో గానీ ఉన్నారా. మా ఆయన పక్కనే నిలబడి ఉండగా ఈ ఆఖరి ప్రశ్న అడిగితే నేను గోడ వైపు తిరిగాను. ఆయన మాత్రం జవాబు వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత చేతులు సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, ఒక చిన్న కాగితం పొట్లం నా కళ్ళ ముందు పెట్టారు. "చూడండి. మీ ఎదురుగా చింపుతున్నాను. ఇంకెక్కడికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు ఇలా చింపకపోతే చెయ్యి వెనక్కి లాక్కోండి. మొహమాటపడి రోగం తెచ్చుకోకండి."

సూది వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. దిగేటప్పుడు చీమ కుట్టినట్టుంది. కాసేపటికి ఆ చోట బరువెక్కి, తిమ్మిరిలాంటిది మోచేతి వైపు పాకింది. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకుని వాసాల మీద బల్లిని చూశాను. సూదులు తీశాక కూడా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి గానీ పంపలేదు. ఇంటికెళ్ళి చూసుకుంటే ఒకచోట చిన్న నీలం మచ్చ. కంగారుపడి మర్నాడు చూపిస్తే, "రెండ్రోజుల్లో పోతుంది" అని ఊరుకున్నారు. ఏడోసారి వెళ్ళేసరికి బోర్డు పైవరసలో రాయగలిగాను. సంతోషంగా చెబితే ఆయన అన్న మాట: "తగ్గింది, మంచిదే. సూదుల వల్లో, మధ్యలో మీకు సెలవులు రావడం వల్లో నేను చెప్పలేను."

కొత్తగా సూదులు వేయించుకోబోయేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆయన నోటి వెంట వంద సార్లు విన్నవి నేను మళ్ళీ చెబుతున్నాను. తిని వెళ్ళండి. వాడే మందులన్నీ చెప్పండి. సూది మీ ఎదుటే విప్పమనండి. కళ్ళు తిరిగినా, గుండె దడగా ఉన్నా ఆ నిమిషమే చెప్పండి. ఐదారుసార్లకి ఏ మార్పూ లేకపోతే ఆపేయండి. డాక్టరు రాసిన మాత్ర, డాక్టరు చెప్పకుండా ఎవరి మాట మీదా మానకండి. ఈ ఆఖరిది చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో కూడా రాస్తాను.

ఆయనకి మహిమల మాట ఎత్తితే అసహ్యం. ఒకావిడ మోకాలి నొప్పి తగ్గిందని వరండా మెట్టు మీద కొబ్బరికాయ కొడితే, ఆవిడ చేతే చిప్పలు ఏరించి, నీళ్ళు పోయించి కడిగించారు. "దేవుడండీ మీరు" అని ఎవరో కాళ్ళ మీద పడబోతే, "దేవుణ్ణయితే నాకు సూదులెందుకండీ, లేవండి" అన్నారు. ఇంకో మాట తరచూ అనేవారు. "నేను సూది ఒంట్లో ఎక్కడ దించాలో చదువుకున్నాను. మీరు అబద్ధం చెబితే అది ఎక్కడ దిగుతుందో నాకు తెలీదు."

అది మా ఇంట్లో దిగింది.

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. బీపీ కూడా ఉంది, దానికి రోజూ మాత్ర. నేనే ఆవిణ్ణి మేష్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటి సూది పడిన రోజునే ఆవిడ బీపీ మాత్రలు బియ్యం డబ్బా వెనక దాచేశారు.

"రెండు మందులూ ఒంట్లో కొట్టుకుంటాయమ్మాయ్. పథ్యం అంటే పథ్యమే. ఆయనకి చెప్పకు, తిడతారు," అన్నారు నాతో.

నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మేం వెళ్ళిన ప్రతిసారీ మేష్టారు, "మాత్ర వేసుకున్నారాండీ?" అని అడిగేవారు. అత్తయ్యగారు నా వైపు చూసేవారు. నేను, "వేసుకున్నారండీ" అనేదాన్ని. అత్తగారి మాట కాదంటే ఇంట్లో వచ్చే గొడవ నాకు పెద్దదిగా కనిపించింది. అదీగాక నాకూ లోపల సగం నమ్మకం, రెండు మందులూ కలవకూడదని.

మూడో వారంలో, మేష్టారి వరండాలోనే, వంతు కోసం కూర్చున్న అత్తయ్యగారి చేతిలోంచి మజ్జిగ గ్లాసు జారిపోయింది. ఏదో అనబోయారు, మాట ముద్దగా వచ్చింది. మేష్టారు పరుగున వచ్చి, "ఒకసారి నవ్వండమ్మా" అన్నారు. మూతి ఒక పక్కకే వెళ్ళింది. "చేతులెత్తండి" అన్నారు. ఎడమ చెయ్యి లేవలేదు.

"సూది పెట్టండి మేష్టారూ," అన్నాను ఏడుస్తూ.

"ఇప్పుడు సూది పెట్టి కూర్చుంటే నేను మనిషిని కాదు. ఆటో పిలవండి, ఆసుపత్రికి." అత్తయ్యగారిని పట్టుకునే నన్ను అడిగారు, "మాత్ర వేసుకున్నారా ఇవాళ?"

"వేసుకున్నారండీ," అన్నాను. అప్పుడు కూడా.

ఆసుపత్రిలో డాక్టరుకి మాత్రం నిజం చెప్పాను, ఎవరికీ వినపడకుండా. అత్తయ్యగారు బతికారు. ఎడమ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఊళ్ళో మాత్రం సూదులు వికటించాయన్నారు. మేష్టారు ఎక్కడో పెట్టాల్సింది ఇంకెక్కడో పెట్టారన్నారు. స్టాఫ్ రూములో నా ఎదుటే అన్నారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ తల ఎత్తలేదు. నా మీద నాకు పుట్టిన రోత ఆ రోజు మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

మేష్టారి వరండాలో బల్లలు ఖాళీ అయ్యాయి. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, అత్తయ్యగారి ఎడమ చేతిలో రబ్బరు బంతి పెట్టి, "నొక్కండి, ఇంకొంచెం, అదీ" అంటూ గంటసేపు కూర్చునేవారు. సూదుల పెట్టె తెచ్చేవారు కాదు. వెళ్ళేముందు అదే ప్రశ్న, మాత్ర వేసుకున్నారాండీ అని. "వేసుకున్నాను బాబూ" అనేవారు అత్తయ్యగారు, ఈసారి నిజంగానే. మేం కాఫీ ఇస్తే తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళేవారు. ఆరేళ్ళు, అత్తయ్యగారు పోయేదాకా, అలా వచ్చారు.

ఇక శిష్యుడి సంగతి. రొయ్యల మేత అమ్మే పని చేసేవాడు, నడుం నొప్పితో మేష్టారి దగ్గరికి వచ్చి మూడు నెలలు చూసి నేర్చుకున్నాడు. మేష్టారికి జనం తగ్గిన సమయంలోనే బస్టాండు దగ్గర గది తీసుకుని బోర్డు కట్టాడు. మాత్రలు మానేయండి, సూది చాలు అని చెప్పేవాడు. జనానికి కావలసిన మాట అదే, విరగబడి వచ్చారు. ఆ సంగతి మేష్టారి చెవిన పడి, "ఒకసారి నాతో వస్తారా టీచరుగారూ" అంటే నేనూ వెళ్ళాను.

లోపల బెంచీ మీద వరసగా ఏడెనిమిది మంది. శిష్యుడు ఒక పెద్దాయన మోకాలి నుంచి సూది లాగి, దూదితో తుడిచి, పక్కనున్న సబ్బు బిళ్ళకి గుచ్చాడు. దానికి అప్పటికే ఇరవై సూదులున్నాయి. సబ్బు మీద గోధుమ రంగు చుక్కలు, ఒక ఈగ. అందులోంచే ఒకటి పీకి పక్కావిడ మెడలో దించాడు. మేష్టారు ఆ సబ్బు బిళ్ళని సూదులతో సహా కాగితంలో చుట్టి చేత్తో పట్టుకున్నారు.

"నేను నీకు నేర్పింది ఇదేనా?" అన్నారు.

"ఆయ్, అది సరేనండి. ఇప్పుడు మీ దగ్గరికెంతమందొస్తన్నారండి?" అన్నాడు శిష్యుడు నవ్వుతూ.

జనం ఆయన దగ్గరికి ఎందుకు రావడం లేదో చెప్పగలిగేది నేనే, చెప్పలేదు. బయటికొచ్చి వీధి కుళాయి దగ్గర ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నారు. నాకు అసహ్యం వేసింది ఆ సబ్బు మీదో, నా మీదో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు ఆ శిష్యుడే మా ఇంటికొచ్చాడు. పెద్దకర్మ రోజు సభలాగా పెడుతున్నారట, కరపత్రం కూడా వేస్తారట. "మీ అత్తగారికి పక్షవాతం వస్తే మన సూదుల్తోనే లేచి తిరిగారని నాలుగు ముక్కలు చెప్పండి టీచరుగారూ. మీలాంటోళ్ళు చెప్తే జనం నమ్ముతారండి," అన్నాడు. నా అబద్ధాన్ని తిరగేసి నాకే అమ్మజూపుతున్నాడు. వస్తానన్నాను.

పెద్దకర్మ రోజు మేష్టారి వాకిట్లో షామియానా కింద మైకు నా చేతికిచ్చారు. "మా అత్తయ్యగారు బీపీ మాత్ర మానేశారు. నాకు తెలుసు. మేష్టారు అడిగిన ప్రతిసారీ వేసుకున్నారని అబద్ధం చెప్పాను. పక్షవాతం అందుకొచ్చింది. సూదులు వికటించలేదు, సూదులు నయం చెయ్యనూ లేదు. ఆవిణ్ణి ఆసుపత్రికి పంపి బతికించింది మేష్టారు. మాత్రలు మానమని ఆయన జన్మలో ఎవరికీ చెప్పలేదు. ఆ ఫ్లెక్సీ అబద్ధం," అన్నాను. శిష్యుడు వచ్చి మైకు లాక్కున్నాడు. అప్పటికి చెప్పాల్సింది అయిపోయింది.

మేష్టారి ఇంటావిడ లోపలి గుమ్మంలో నిలబడి విన్నారు. దగ్గరికెళ్ళి చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నారు. "ఈ మాట ఆయనుండగా అనాల్సిందమ్మా. సూది ఎక్కడ తప్పు పెట్టానా అని పుస్తకాలు ముందేసుకుని వెతుక్కునేవారు," అన్నారు. నాకు దక్కాల్సింది అదే, దక్కింది.

భోజనం చెయ్యకుండా చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. కూలిపని చేసుకునే ఆడమనిషి, అరవై ఏళ్ళుంటాయి. నుదుటి మీద చెమట.

"అమ్మగారండీ, నేను ఆ బస్టాండుకాడ బాబుగారి దగ్గర సూదులేయించుకుంటన్నానండి. బీపీ బిళ్ళలు మానెయ్యమన్నారండి."

"మానేసి ఎన్నాళ్ళైంది?"

"పది రోజులండి. తల దిమ్ముగా ఉంటందండి. ఇప్పుడేసేసుకోమంటారాండి?"

"ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. ముందు డాక్టరు బీపీ చూడాలి. రా, ఇప్పుడే వెళ్దాం," అని ఆటో ఆపాను.

ఆటోలో కూర్చున్నాక ఆవిడ చీర కొంగు ముడి విప్పి, మందుల అట్ట తీసి నా చేతిలో పెట్టింది. పది మాత్రలూ అలాగే ఉన్నాయి, వెండి కాగితం ఎక్కడా చిట్లలేదు.