తాతబ్బాయి పిడికిలి, భానుప్రియ గేర్ల సైకిలు

సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఆటో నడుపుకుని బతికినవాళ్ళు లెక్కలేనంతమంది. ఆటో నడుపుతూ కొట్లాడుకుని బతికినవాడు మాత్రం తాతబ్బాయి ఒక్కడే. అతని కుడిచెయ్యి ఎవడి చెంప మీదైనా పడిందంటే, ఆ చప్పుడుకి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీది పావురాలన్నీ లేచి పదో నంబరు మీద వాలేవి. మీటరు దొంగమీటరన్న పాపానికి ఒక ప్రయాణికుడు ఒక్కటి తిన్నాడు. కాజీపేట దాటేదాకా ఆ చెవిలో రైలు కూత ఆగలేదట. అతను ఎక్కింది బస్సు. నమ్మకపోతే మానేయండి. ఆ పావురాలు ఇంకా అక్కడే ఉన్నాయి, వెళ్ళి అడగండి.

ఈ ఊళ్ళో అతను కాలుపెట్టడమే నెత్తురుతో పెట్టాడు. నరసన్నపేట అవతల నుంచి కొత్త పెళ్ళాం అచ్చియమ్మతో, ఒక రేకుపెట్టెతో రైలు దిగాడు. ఒక కూలీ అడక్కుండా పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. దొంగనుకుని తాతబ్బాయి మూతి మీద గుద్దాడు. అతను కూలీ అని తెలిసే లోపల మిగతా కూలీలంతా వచ్చి మీద పడ్డారు. ఎడమ కనుబొమ్మ చీలి, నెత్తురు కారుతూ కొత్త కాపురానికి వెళ్ళాడు. ఆ రోజే ఒక సంగతి ఖాయం చేసుకున్నాడు: ఈ ఊళ్ళో ముందు పిడికిలి వెళ్ళాలి, మాట వెనకాల తీరిగ్గా రావాలి.

ఆటో వచ్చాక పిడికిలికి పని పెరిగింది. తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీల కాలం వచ్చింది. కాల్‌సెంటర్ల సుమోలు రోడ్డుకి అడ్డంగా, నిలువుగా, ఒక్కోసారి గాల్లోంచి కూడా వచ్చేవి. ప్రతి సుమో తనని గుద్దడానికే పుట్టిందని తాతబ్బాయి నమ్మకం. ఒకడి సైడు అద్దం పీకి వాడి ఒళ్ళోనే పెట్టాడు. ఇంకొకణ్ణి కిటికీలోంచి బయటికి లాగాడు, తలుపు తీసే ఓపిక లేక. ఇన్ని యుద్ధాలూ జరిగేది పొద్దున, కూతురు భానుప్రియను బన్సీలాల్‌పేట నుంచి మారేడుపల్లి బడికి దింపే దారిలో. ఆ పిల్ల వెనక సీట్లో పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎనిమిదో తరగతి దాకా అన్నీ చూస్తూనే పెరిగింది.

ఒకరోజు అన్నం దగ్గర నోరు విప్పింది.

"నాన్నా, నాకు గేర్ల సైకిల్ కావాలి. నేనింక నీ ఆటోలో రాను."

"ఏటమ్మా, ఆటోకేటైంది? మొన్ననే కదా కొత్త సీటు కవరేయించాను."

"కవర్ బానే ఉంది. దాని మీద రక్తం ఉంది."

"అది నాది కాదే!" అన్నాడు తాతబ్బాయి, ధైర్యం చెబుతున్నట్టు.

"నా యూనిఫాం మీద కూడా పడింది. మీ నాన్న ఇవాళ ఎవర్ని కొట్టాడని క్లాసులో రోజూ అడుగుతున్నారు. ఇంకోటి విను. సైకిల్ కొనడానికి వెళ్ళినప్పుడు ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. నువ్వు ఒక్క దెబ్బ వేశావా, నాకా సైకిలూ వద్దు, నీ ఆటో కూడా వద్దు. నడిచి పోతా. బడి గేటు దగ్గర నువ్వు కనబడితే ఆయనెవరో నాకు తెలీదని చెప్తా."

ఇనప రాడ్డు వీపు మీద విరిగినా కిక్కురుమననివాడు, ఆ ఆఖరి మాటకి కంచం పక్కకి జరిపేశాడు.

పొయ్యి దగ్గర నుంచి అచ్చియమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో, సెయ్యెత్తకుండా మీ నాన సైకిలు కొంటాడేటే? ఆ సేతులు రెండూ ఇంటికాడ ఒగ్గేసి ఎల్తే గాని అవ్వదు."

"కొంటాను సూడు," అన్నాడు తాతబ్బాయి.

ఆదివారం తండ్రీకూతుళ్ళు ఆ ఆటోలోనే రాణిగంజ్‌లో ఉన్న జోగారావు సైకిళ్ళ కొట్టుకి వెళ్ళారు. జోగారావుది గోదావరి జిల్లా. నోట్లో మాట బెల్లంపాకం, చేతిలో మాత్రం అమ్ముడుపోని సరుకు. నలుపూ పసుపూ కలిసిన సైకిలొకటి ముందుకు తోశాడు. ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు, చూడ్డానికి చిన్న దున్నపోతులా ఉంది.

"ఆయ్, ఇదండి ఇప్పుడు నడుత్తున్న మోడలు! ముందు షాకు, ఎనక షాకు. కొండైనా ఎక్కేత్తాదండి బాబూ."

"మారేడుపల్లిలో కొండేటుందండీ?"

"ఉంటే ఎక్కుద్దని సెబుతున్నానండి."

తాతబ్బాయి అరచేతులు దురద పెట్టాయి. కూతురి వైపు వంగి మెల్లగా అడిగాడు. "మనుసుల్ని కొట్టొద్దన్నావు. సైకిళ్ళని కొట్టొచ్చా?"

భానుప్రియ సైకిలుని ఎగాదిగా చూసింది. "కొట్టుకో."

ఇక చూడండి! ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టి మెడ విరిచినట్టు విరిచాడు. చక్రం ఇటే ఉంది, హ్యాండిలు అటు తిరిగి జోగారావు మొహంలోకి చూసింది. తర్వాత బండిని నెత్తిదాకా ఎత్తాడు. బియ్యం బస్తా బరువు. "మా ఇల్లు మేడ మీదండీ. దీన్ని మా గుంట, ఈ పిల్ల, మెట్లెక్కించాలంటే టేసన్నుంచి కూలీని తెచ్చుకోవాలి," అని వదిలేశాడు. నేల మీద పడగానే అందులోని బోల్టులన్నీ తలో రాగం తీశాయి. మళ్ళీ లేపి వీధిలో తొక్కాడు. కాలితో తొక్కిన జోరంతా వెనక స్ప్రింగు మింగేసి, ఊగుతూ ఉన్నచోటే ఉంది. ఊపు మీద ఇంకో గుద్దు గుద్దేసరికి స్ప్రింగు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు.

"బాబూ! అది బండండి, దొంగ కాదు!" జోగారావు తల పట్టుకున్నాడు.

"ఈ ధరలో రెండు షాకులిస్తున్నారంటే ఆ రెండూ దొంగలేనండీ. ఇంకోటి తియ్యండి."

రెండోది నీలం రంగుది, బాగా ఎత్తు. "ఎదిగే పిల్ల కదండీ, ఇదైతే కాలేజీ దాకా సరిపోద్ది," అన్నాడు జోగారావు. ఆ మాట తిన్నగా తాతబ్బాయి గుండెలో దిగింది. భానుప్రియ ఒకటో తరగతి గౌను మూడో తరగతిలో గాని పాదాలు వదల్లేదు. బూట్లలో ఏటేటా తక్కువ గుడ్డ కుక్కుతూ నడిచింది. ఈ ఊళ్ళో పిల్లలందరూ రాబోయే ఏడాది బట్టల్లోనే పెరుగుతారు. "ఎక్కమ్మా," అన్నాడు.

ఎక్కింది. వేళ్ళ కొసలు కూడా నేలకి అందలేదు. బ్రేకు మీదికి వేళ్ళు చాలలేదు. సైకిలు ఒక పక్కకి ఒరిగింది, పిల్ల అద్దాల బల్ల మీద పడింది, అద్దం పగిలి మోచెయ్యి చీరుకుపోయింది.

తాతబ్బాయి కుడి పిడికిలి దానంతటదే జోగారావు దవడ ఎత్తుకి లేచింది. ఎడమ చెయ్యి ఎగిరి దాని మణికట్టు పట్టుకుంది. రెండు చేతులూ గాలిలో కుస్తీ పట్టాయి. భానుప్రియ కారుతున్న మోచేతిని చూసుకోలేదు. ఆ పిడికిలినే చూస్తోంది. ఆ చూపుకి చివరికి అది దిగింది.

"పాపకి పసుపు తెమ్మంటారా అండీ?" అన్నాడు జోగారావు, గోడకి అతుక్కుపోయి.

"తెండి. అలాగే ఆ మూల కొక్కేనికున్న ఎర్రదాన్ని కూడా దింపండి."

అది పోయినేటి మోడలు. ఒకచోట రంగు గీసుకుపోయింది. ముందు మాత్రమే స్ప్రింగు, వెనక ఒట్టి ఇనుము, గేర్లు కూడా తక్కువే. భానుప్రియ నిలబడితే కాళ్ళు రెండూ నేలకి ఆని, పై కడ్డీకీ ఆమెకీ మధ్య జానెడు సందు మిగిలింది. బ్రేకు వేళ్ళకి అందింది. సరే, ఇక దెబ్బలు. మోకాళ్ళ మధ్య ఇరికించి విరిచాడు, మెడ తిప్పలేదు. ఎత్తి వదిలాడు, ధన్‌మని ఒకటే మోత, ఒక్క బోల్టూ మూలగలేదు. చక్రం మీద గుద్దితే తన వేళ్ళే చెక్కుకుపోయాయి. నెత్తురు చప్పరిస్తూ నవ్వాడు. "ఈడు మనోడే!"

బ్రేకు ఒకటి మిగిలింది. వీధి చివరి నుంచి జోరుగా తొక్కుకొచ్చి ముందు బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగింది. తాతబ్బాయి ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి, ఎదురొస్తున్న ఒక ఆటో ముందు చక్రం దగ్గర బోర్లా పడ్డాడు. ఆటో కీచుమని ఆగింది. వెనకున్న సైకిళ్ళ పెట్టెలన్నీ జారి డ్రైవరు వీపు మీద కూలాయి.

ఆ డ్రైవరు నోవహు. స్టాండులో తాతబ్బాయికి పాత పగవాడు. నోవహు నోట్లో మెరిసే బంగారు పన్ను ఉందే, ఆ చోట అంతకుముందున్న అసలు పన్నుని రాల్చింది తాతబ్బాయి పిడికిలే.

"ఏందిరో తాతబ్బాయ్! సచ్చెతందుకు నా ఆటోనే దొరికిందా?"

తాతబ్బాయి లేచాడు. లేచి సైకిలు హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నాడు. "నోవహూ, ఇవాళ కాదురా. రేపు స్టాండు కాడకి రా."

"రేపెందుకు? నా పన్ను రేపటిదాక ఆగిందా?" అని నోవహు తాతబ్బాయి ముక్కు మీద గుద్దాడు.

ముక్కు పగిలింది. నెత్తురు ఎర్ర సైకిలు మీద పడి కనబడకుండా పోయింది. రెండోది కడుపులో పడింది. మూడోది కంటి మీద. ఒక్కో దెబ్బకీ తాతబ్బాయి బ్రేకులు ఇంకా గట్టిగా నొక్కాడు. సైకిలూ కదల్లేదు, మనిషీ కదల్లేదు. రాణిగంజ్ ఇనప కొట్లలో సుత్తి దెబ్బలన్నీ ఆగిపోయి జనం మూగారు.

"ఏందిర, చేతులకు కరెంట్ పోయిందా? కొట్టు!"

"కొట్టను. మా గుంటకి మాటిచ్చాను."

కొట్టేవాణ్ణి కొట్టడం నోవహుకి అలవాటే. కొట్టనివాణ్ణి ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళు మండిపోయింది. "నన్ను పరేషాన్ చేస్తున్నవ్ ర!" అని ఆటోలోంచి పెద్ద పానా లాగి పైకెత్తాడు. రెండో కన్ను కూడా వాచి మూసుకుపోతున్న తాతబ్బాయికి పానా మసగ్గా కనబడింది. హ్యాండిలు వదిలితే తప్పించుకోవచ్చు. వదల్లేదు. వదిలితే ఈ చేతులు ఎక్కడికి వెళ్తాయో అతనికి బాగా తెలుసు.

పానా దిగలేదు. ఆ లోపల భానుప్రియ మధ్యలో దూరి నోవహు దవడ మీద ఒక్కటిచ్చింది.

ఎలాంటి దెబ్బ! నోవహు వెనక్కి వేసిన కాలు, ఇందాక నలుపూ పసుపూ సైకిలు నుంచి ఊడిన బెల్లు మీద పడింది. అతను వెళ్ళి సైకిళ్ళ వరస మీద పడ్డాడు. ఒకటి రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద పడుతూ, ఆ కూలడం ప్యాట్నీ చౌరస్తా దాకా వినబడింది. బంగారు పన్ను ఎగిరి సరిగ్గా జోగారావు టీ గ్లాసులో పడింది. జోగారావు తీసి తుడిచి, అణాపైసలతో సహా తిరిగిచ్చే కొట్టువాడిలా మర్యాదగా పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు భానుప్రియ చెయ్యి పట్టుకుని కెవ్వుమంది. తాతబ్బాయి మొదటిసారి హ్యాండిలు వదిలాడు.

"ఏదీ, సూపించు. బొటనేలు పిడికిలి లోపలెట్టి కొట్టావేటే? ఓలమ్మో! ఏలు బయటుండాలి! ఇన్నేళ్ళు ఎనక సీట్లో కూకుని ఏటి సూశావు?"

అన్నాడే గాని, ఆ మాట తిరిగి తన చెవినే పడింది. నిజమే, వెనక సీట్లో కూర్చుని అన్నీ చూసింది. చూసిందే చేసింది.

తాతబ్బాయికి దారి కనబడే స్థితి లేదు. చివరికి నోవహే ఒక చేత్తో దవడ పట్టుకుని, ఇంకో చేత్తో తాతబ్బాయి ఆటో నడుపుతూ వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. "నీ బిడ్డది మంచి చెయ్యిరో. నీ లెక్క వంకర పోదు, సీదా పడతది."

"ఆ మాట మళ్ళీ అనకు," అన్నాడు తాతబ్బాయి. పొగిడితే అతనికి భయం వేయడం అదే మొదలు.

భానుప్రియ ముక్కు ఎగబీల్చింది. "నాన్నా, దెబ్బ పడితే సైకిల్ వద్దన్నా కదా. ఇప్పుడెట్లా?"

"నాను ఎయ్యలేదు. నువ్వేశావు. మాట తప్పింది నువ్వు, సైకిలెక్కాల్సింది నువ్వే."

కానీ ఎక్కడం కుదర్లేదు. బొటనవేలి ఎముక చిట్లింది, తెల్లటి పిండికట్టు పడింది. ఆ సైకిలుకి గేరు మార్చేది సరిగ్గా ఆ వేలే. డబ్బు కట్టి తెచ్చిన ఎర్ర సైకిలు మేడమెట్ల కింద గోడకి చేరింది. భానుప్రియ మళ్ళీ ఆటో వెనక సీట్లోకి చేరింది.

మర్నాడే చౌరస్తాలో ఒక సుమో వచ్చి ఆటో రేకుని గీరుకుంటూ ముందుకు దూరింది. తాతబ్బాయి వాచిన కళ్ళతోనే కిందికి ఉరికి, పిడికిలి ఎత్తాడు. వెనక సీట్లోంచి పిండికట్టు వేసిన బొటనవేలు నిటారుగా బయటికి వచ్చింది. మాట లేదు, వేలు ఒక్కటే. తాతబ్బాయి ఆ వేలుని చూశాడు, తన పిడికిలిని చూశాడు, చెయ్యి దించి ఆటో ఎక్కాడు. తనకే సరే పొమ్మంటున్నారనుకుని సుమో డ్రైవరు కూడా బొటనవేలు చూపించి, "థాంక్యూ అన్నా!" అని వెళ్ళిపోయాడు. కట్టు విప్పేదాకా ప్రతి చౌరస్తాలోనూ ఇదే తంతు. పావురాలు ఒకటో నంబరుకి తిరిగొచ్చాయి.

కట్టు విప్పిన తర్వాతి పొద్దున భానుప్రియ ఎర్ర సైకిలెక్కింది. కొంచెం వెనకగా, ఎవరికీ సంబంధం లేనట్టు, తాతబ్బాయి ఆటో నడుపుకుంటూ వెళ్ళాడు. బడి గేటుకి చాలా దూరంలోనే ఆపి, తల లోపలికి పెట్టుకున్నాడు. ఆయనెవరో తెలీదంటుందేమోనని.

ఒక పిల్ల సైకిలుని చూసి, ఆటోని చూసి గట్టిగా అడిగింది. "ఏయ్ భానూ, అందర్నీ కొట్టేది ఆయనేనా?"

భానుప్రియ స్టాండు వేసి, బొటనవేలు ఒకసారి ఆడించి చూసుకుంది.

"కాదు. కొట్టేది నేను. ఆయన మా నాన్న."