బకెట్టును తన్నడమంటే

సంతోష్‌నగర్‌లో మేముండే అపార్ట్‌మెంటుకు రెండు సందుల అవతల ఇప్పటికీ ఒక దాణా కొట్టు ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా నానిన పల్లిచెక్క వాసన, తవుడు వాసన, పత్తిగింజల జిడ్డు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. పశువుల మధ్య పెరిగినవాళ్లెవరికైనా ఆ వాసనకు బర్రెలు గుర్తుకు రావాలి, దుడ్డెలు గుర్తుకు రావాలి, అప్పుడే పితికిన పాల మీది నురగ గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఇంగ్లీషు గుర్తుకొస్తుంది. అదీ పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష, అందులోని ఇడియమ్స్. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వాల్సిన సంగతే, నాకే నవ్వు రాదు.

మా ఇల్లు గౌలిపురలో ఉండేది. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం, కొట్టంలో ఏడు బర్రెలు. తెల్లవారుజామున బాపు పితికే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. ఖాళీ బకెట్టులో మొదటి ధారలు టంగుమని మోగి, పాలు నిండేకొద్దీ ఆ మోత మెత్తబడి, చివరికి నురగలో మునిగిపోయేది. ఎన్ని పాలు పడ్డాయో అమ్మ పొయ్యి దగ్గర కూర్చునే చెవులతో చెప్పేసేది. వెలుగు రాగానే బాపు క్యాన్లు సైకిలుకు తగిలించుకుని పురానాపూల్ దాకా వాడిక ఇళ్లకు పోసి వచ్చేవాడు. వానాకాలం కొట్టమంతా చిత్తడి, చలికాలం పిడకల పొగ, ఎండాకాలం రేకుల మీద తడి గోనెసంచులు. బర్రె ఈనితే పొయ్యి మీద జున్ను ఎక్కేది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి వండిన ఆ జున్ను మా నోట్లో పడేలోపే గిన్నెల్లోకెక్కి గల్లీ అంతా తిరిగేది. ఎదురింటి రహీం చాచా ఇంటికి వెళ్లిన గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు. రంజాను నాడైతే మా పాలతోనే చేసిన షీర్ ఖుర్మా అందులో నిండి వచ్చేది.

దీపావళి వెళ్లిన రెండో రోజు సదర్, దున్నపోతులను ఊరేగించే పండగ. మా బాబాయి దున్నపోతుకు స్నానం చేయించి, ఒళ్లంతా నూనె పట్టించి నిగనిగలాడించి, మెడలో గవ్వల పట్టీ, పూలదండలు వేసి, కొమ్ములకు రంగు పూసి, ఆ కొమ్ములు పట్టుకుని డప్పుల మధ్య గల్లీలోకి నడిపించుకొస్తుంటే మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. బోనాలకు ఘటాన్ని మోసే ఏనుగు, పీర్ల పండుగకు ఆలమ్ అనే పీరును మోసే ఏనుగు మా వీధుల్లోంచే నడిచేవి. రెండు చేతులూ ఎత్తి మొక్కేవాళ్లం. ఇవన్నీ చెబుతున్నది పండగల కోసం కాదు. నేను ఇంగ్లీషుకు అర్థాలు తీసింది ఈ గల్లీలోంచే, అందుకని.

మా అక్క సరళ నాకన్నా మూడేళ్లు పెద్దది. అక్క సర్కారు బడిలో తెలుగు మీడియం. నా వంతు వచ్చేసరికి గల్లీ చివర ఒక ఇంగ్లీషు మీడియం బడి వెలిసింది, నన్ను అందులో వేశారు. బోర్డు మీద మాత్రమే ఇంగ్లీషు ఉన్న బడి అది. అయినా మెడకు టై కట్టుకుని పోయే పిల్లకు రాని ఇంగ్లీషు ఉంటుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నాకూ ఆ భ్రమ తొలగించాలనిపించలేదు.

అక్కకు నర్సు కావాలని కోరిక. అమ్మకు ఒకసారి కడుపులో గడ్డ లేస్తే పెద్దాసుపత్రిలో ఉంచారు, అక్కడ తెల్లబట్టల నర్సమ్మ సూది గుచ్చి, నాడి చూసి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లడం అక్క పది రోజులు కన్నార్పకుండా చూసింది. ట్రైనింగులో చేరాలంటే పదో తరగతి పాసవ్వాలి. మార్చి పరీక్షల్లో అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటే పోయింది. మళ్లీ ఎండాకాలంలో సప్లిమెంటరీ. బాపు కోప్పడలేదు, దుడ్డెను విప్పుతూ తలెత్తకుండానే అన్నాడు.

"గీ ఒక్కసారి రాయి బిడ్డా. గిది గూడ తప్పితె ఇగ సదువు బంద్. కొట్టంల మీ అమ్మ ఒక్కతే ఎన్నని జేస్తది?"

అట్లా ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు మేమిద్దరం కొట్టంలో, తడి గోనెల కింది చల్లదనంలో, బర్రెల నెమరు చప్పుడు వింటూ చదువుకు కూర్చున్నాం. పదాల స్పెల్లింగులు అక్క గోడ మీద బొగ్గుతో రాసి రాసి చేతికి ఎక్కించుకుంది. 'నెసెసరీ'లో ఎస్సులు ఎన్నో, 'అకామడేషన్'లో ఎమ్ములు ఎన్నో పేడ ఎత్తుతూ కూడా గొణుక్కునేది. చిక్కంతా ఇడియమ్స్ దగ్గర వచ్చింది. వాటిని సొంత వాక్యాల్లో రాయాలి, ఒక్కోదానికి ఒక మార్కు. మా దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్ గైడు. అందులో ఇడియమ్స్ పట్టిక ఉంది, అర్థాలున్న రెండు పేజీలు మాత్రం లేవు. మాకన్నా ముందు దాన్ని చదివిన మహానుభావుడెవరో చిట్టీల కోసం చింపుకుపోయాడు. బడికి సెలవులు, టీచరు ఊరెళ్లింది.

మొదట రహీం చాచాను అడిగాం. ఆయనది గడియారాలు బాగుచేసే పని, గడియారాల వెనక రాసి ఉండే ఇంగ్లీషంతా చదివేవాడు. పట్టికలో 'కిక్ ద బకెట్' మీద వేలు పెట్టి అడిగితే, కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి తుడుచుకుని మరీ చూశాడు.

"కిక్ మతలబ్ లాత్, తన్నుడు. బకెట్ అంటె బాల్టీ. బాల్టీకి లాత్ మారుడు, గంతే బేటా. లోపల ఇంకేమన్న మతలబ్ ఉంటే నాకు తెల్వది."

లోపల ఇంకేదో మతలబు ఉందని నాకు తెలుసు. ఇడియమ్ అంటేనే అది కదా. అక్క నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. "నువ్వు జెప్పు. నువ్వు జెప్పింది నేను బట్టీ పడ్త" అంది. తెలియదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఆ మాట నోటికి రాలేదు. అప్పుడే మూలనున్న చుక్కబర్రె కాలు విదిల్చింది. దానికి అదే అలవాటు. దాణా ఆలస్యమైందా, పితికే మనిషి మారాడా, బకెట్టుకు ఒక తాపు తన్ని పాలన్నీ నేలపాలు చేసేది. అంతే, నాకు అర్థం దొరికిపోయింది.

"కిక్ ద బకెట్ అంటే అలిగి కోపం చేసుడు అక్కా" అన్నాను.

అక్క ముఖం విప్పారింది. అంత సులువా అన్నట్టు చూసి, వెంటనే సొంతంగా వాక్యం కట్టింది. 'మై ఫాదర్ కిక్స్ ద బకెట్ వెనెవర్ ద టీ ఈజ్ లేట్.' వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. ఇద్దరం బాపును చూసి కిసుక్కున నవ్వాం. ఏందే అని అడిగితే ఏం లేదు బాపూ అన్నాం.

ఆ తర్వాత నన్ను పట్టేవాళ్లు లేరు. 'వైట్ ఎలిఫెంట్' అంటే అందరూ చేతులెత్తి మొక్కే పెద్దమనిషి అని చెప్పాను. మా వీధుల్లో ఏనుగు విలువ నాకు తెలియదా! అక్క 'అవర్ హెడ్‌మాస్టర్ ఈజ్ ఎ వైట్ ఎలిఫెంట్' అని రాసుకుంది. 'టేక్ ద బుల్ బై ద హార్న్స్' అంటే సందేహమే లేదు, పండగ చేసుకోవడం. ప్రతి సదర్‌కూ మా బాబాయి చేసే పని అదే. 'యాపిల్ ఆఫ్ ద ఐ' దగ్గర మాత్రం కాస్త ఆలోచించి, మా నానమ్మ ఎడమ కంట్లో వేసిన పువ్వును తలుచుకుని, కంటి జబ్బు అని తేల్చాను. అక్క అన్నింటినీ దేవుడి పటం ముందు కూర్చున్నంత శ్రద్ధగా వల్లె వేసింది. పరీక్షకు ముందురోజు నేను అడుగుతుంటే ఒక్కటీ తడబడకుండా అప్పజెప్పింది. అమ్మ ఆ పూట మామిడికాయ పప్పు చేసి, ఇద్దరి అన్నంలోనూ గిన్నె వంచి నెయ్యి పోసింది.

పరీక్ష రాసి వచ్చిన అక్క గల్లీ మలుపు నుంచే చేయి ఊపుతూ వచ్చింది. "నువ్వు జెప్పినయి నాలుగుకు నాలుగు అచ్చినయే! మస్తు రాసిన" అని నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. పదమూడేళ్ల పిల్లను ఎత్తుకుని తిప్పడం చూసి రహీం చాచా కొట్టులోంచే శభాష్ అన్నాడు.

బడి తెరిచారు. నేను తొమ్మిదిలోకి వచ్చాను. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు సారు మొదటి వారంలోనే ఒక పాఠం చెబుతూ, "కిక్‌డ్ ద బకెట్ అంటే చనిపోయాడని, బాల్టీని తన్నాడని కాదు" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. గంట కొట్టాక ఆయన వెనకాలే పరుగెత్తి మిగతా మూడూ అడిగాను. వైట్ ఎలిఫెంట్ అంటే ఖర్చు తప్ప అక్కరకు రాని సొత్తు. కొమ్ములు పట్టుకోవడమంటే కష్టానికి ఎదురు నిలవడం. యాపిల్ ఆఫ్ ద ఐ అంటే కంటిపాపలాంటి ముద్దుబిడ్డ. నాలుగూ తప్పే. టీ ఆలస్యమైనప్పుడల్లా మా నాన్న చచ్చిపోతాడని, మా హెడ్‌మాస్టరు దండగమారి సొత్తని, సదర్ నాడు బాబాయి కష్టాలకు ఎదురు నిలుస్తాడని, నానమ్మ ఎడమ కంట్లో ముద్దుబిడ్డ ఉందని అక్క ఎవరో ముక్కూముఖం తెలియని మనిషికి రాసి పంపింది. ఆ కాగితం ఏ ఊళ్లో, ఏ కట్టలో, ఎవరి ముందు ఉందో నాకు తెలియదు. తెలిసినా చేసేదేమీ లేదు.

ఇంటికొస్తే అక్క చుక్కబర్రెకు నీళ్లు కొట్టి కడుగుతూ పాట పాడుతోంది. చెబుదామని దగ్గరకు వెళ్లాను. "ఏందే గట్ల జూస్తున్నవ్?" అంది. ఆకలేస్తోంది అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు చెప్పాల్సిన ఆ మాట దాచుకుని తిరిగాను. అక్క నర్సుల కాలేజీ అప్లికేషన్ గురించి అడుగుతుంటే నేను బొమ్మలా తలాడించాను. గల్లీ మొదట్లోని మైసమ్మకు, రహీం చాచా వాళ్లు వెళ్లే దర్గాకు, ఇద్దరికీ మొక్కుకున్నాను. దిద్దే మనిషికి కూడా ఇడియమ్స్ రాకుండా చూడమని నా మొక్కు.

ఫలితాల పేపరులో అక్క నంబరు లేదు. బాపు రెండుసార్లు వెతికించి, మూడోసారి రహీం చాచా చేత భూతద్దం పెట్టించి వెతికించాడు. తర్వాత మార్కుల మెమో వచ్చింది. ముప్పై అయిదు కావాలి, ముప్పై రెండు వచ్చాయి. మూడు మార్కులు. నేను చెప్పినవి నాలుగు. ఆ లెక్క ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అక్క ఆ పూట అన్నం తినలేదు, మర్నాడు లేచి పేడ ఎత్తింది. "నా తలకాయకు ఇంగ్లీషు ఎక్కదు, ఇడిసిపెట్టు బాపూ. చెల్లె ఎంత జెప్పిందో పాపం" అంది. ఆ 'పాపం' అన్నది నా గురించి.

నేను చదువుకున్నాను. ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే ఉద్యోగం వచ్చింది. అక్క పెళ్లయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరి, నర్సులు మార్చమన్న దుప్పట్లు మార్చుతూ ఇన్నేళ్లు గడిపింది. బాపు పోయిన రోజు ఇల్లంతా ఏడుస్తుంటే నా తలలో 'మై ఫాదర్ కిక్స్ ద బకెట్' అన్న ఆ వాక్యం తిరిగింది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. ఇప్పుడు గౌలిపురలో మా కొట్టం ఉన్నచోట మూడంతస్తుల ఇల్లు లేచింది. బర్రెలు ఊరి బయటకు వెళ్లిపోయాయి, గల్లీలో పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. జున్ను గిన్నెలు తిరగడం లేదు, గడియారాల కొట్టులో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సదర్ మాత్రం ఉంది, ఇంకా పెద్దగా జరుగుతోంది.

పోయిన ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం డ్యూటీకి తయారవుతూ, మెంతికూర ఒలుస్తూ, తన ఫోను నా చేతికిచ్చింది. ఆసుపత్రివాళ్లు ఏదో నోటీసు పంపారు. "నువ్వు జదివి జెప్పు. నాకు ఇంగ్లీషు రాదు గద" అంది, మామూలుగా, ఎప్పుడూ అనేట్టే. ఇక ఆపుకోలేకపోయాను. కొట్టం, గైడు, చుక్కబర్రె, కొత్త సారు, నాలుగు అర్థాలు, మూడు వారాలు, అన్నీ చెప్పేశాను.

అక్క మొదట నోరు తెరిచి చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది. "గట్లయితె ఆ పేపర్ దిద్దిన సారు, చాయ లేటయినప్పుడల్లా సచ్చేటి బాపు ఎవలబ్బా అనుకొని ఉంటడు! నవ్వుకున్నందుకన్న ఒక్క మార్కు ఎయ్యకపోయె" అని కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఇన్నేళ్ల బరువు ఇంత తేలిగ్గా దిగిందే అనుకున్నాను.

"ఎన్ని మార్కులకు పోయిందే?" అంది మళ్లీ మెంతికూర చేతిలోకి తీసుకుంటూ.

"మూడు."

అక్క చేయి ఆగింది.

"అంటె, మిగిలిందంత నాకు వచ్చే ఉండె గద" అంది.

నేను ఫోను కింద పెట్టాను.

"ఇన్నేండ్లు నా తలకాయల ఏం లేదనుకొని ఊకున్న. గట్లనే మంచిగుండె. ఇప్పుడెందుకు జెప్పినవే?"

నన్ను తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. లేచి చేతులు కడుక్కుని, నీలం కోటు వేసుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ జవాబు కోసం ఒక్కసారి నా వైపు చూసింది. డ్యూటీకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.