తుమ్మును వాసన అనుకున్నాను

మిర్చి వ్యాపారంలో నా ముక్కు మీద నాకు ఎంత నమ్మకమంటే, కాయ విరిచి లోపల చూసేవాళ్లను చూసి నవ్వేవాణ్ని. జగ్గయ్యపేటలో మా కొట్టు ముందు బస్తా దింపగానే మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసి వాసన చూసేవాణ్ని. తడి ఆరకుండా కట్టిన సరుకైతే అక్కడే తెలిసిపోయేది. ఆ పనిలో మా బజారులో నన్ను మించినవాడు లేడని ఇప్పటికీ చెప్తాను.

అలాంటి ముక్కు ఒక జ్వరంతో పోయింది. జ్వరం తగ్గినా వాసన తిరిగి రాలేదు. కాఫీ తాగితే వేడినీళ్లు తాగినట్టే ఉండేది. నిజంగా భయం వేసింది. ముక్కు పనిచెయ్యని మిర్చి వ్యాపారి మాట ఎవరు నమ్ముతారు? మా ఆవిడకు కూడా చెప్పలేదు.

నెల తర్వాత చిల్లకల్లు నుంచి ఒక రైతు బస్తాలు తెచ్చాడు. గుప్పెడు తీసి పీల్చగానే వరసగా నాలుగు తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. ముక్కు తిరిగొచ్చిందని పొంగిపోయాను. "ఫస్టు క్లాసు సరుకండీ" అనేశాను. అక్కడితో ఆగానా! ఏడాది కారానికని ఒక బస్తా ఇంటికి కూడా పంపించాను.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా ఆవిడ బస్తా ముందు నిలబడి ఉంది. "ఏంటండీ, ఇంత బూజు కంపు కొడుతుంటే మీకు తెలీలేదా?" అంటూ ఒక కాయ విరిచింది. లోపల గింజల నిండా తెల్లటి బూజు. ఇక దాచలేకపోయాను.

"నెల నుంచీ నాకు ఏ వాసనా రావట్లేదే."

మర్నాడు రైతును పిలిపించి, మిగిలిన బస్తాల్లో కాయలు ఆయన ముందే విరిచి చూపించాను, నా మాట తప్పని ఒప్పుకున్నాను. తర్వాత మా ఆవిడే నన్ను బస్సెక్కించి నందిగామలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"తుమ్మించేది ఘాటండీ, దాని నరం వేరు. మొహం మీద మంట పుట్టినా అదే చెప్తుంది" అన్నాడాయన. "చూసిందీ విన్నదీ మెదడులో ఒక మజిలీ దాటి పోవాలి. వాసన అలా ఆగదు, తిన్నగా జ్ఞాపకాలుండే చోటికి పోతుంది. మీకు దెబ్బతిన్నది ఆ దారి. రోజూ వాసన చూస్తూ దానికి మళ్లీ నేర్పించుకోవాలి."

నేర్పించడమైతే నాకు చేతనవును. రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చుంటే, మా ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టేది. లవంగం, నిమ్మతొక్క, కాఫీ పొడి. వారాలు గడిచినా ఏమీ తెలియలేదు. "వస్తుందిలే, ఎక్కడికి పోతుంది" అనేవాణ్ని.

ఒకరోజు ఏదో పెట్టింది. "ఛీ! బూజు!" అని అరిచాను.

కళ్లు తెరిస్తే, ఆమె చేతిలో ఆనాటి బస్తాలోని కాయ. ఇందుకోసమే సీసాలో దాచిందట. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఇంకోసారి పెట్టవే" అన్నాను.