బావ విప్పిన ఇంజను

కిందటేడు బైకుల డ్రాగ్ రేసులో మా మేనమామ కొడుకు, అంటే నాకు బావ, కప్పు గెలిచాడు. నాలుగు వందల మీటర్లు తిన్నగా ఎవడి బండి ముందు పోతే వాడిదే గెలుపు. బండి బావది. ఇంజను కట్టింది నేను. సుబేదారిలో మా స్పేర్ పార్టుల దుకాణం వెనక నెలల తరబడి చేతులు కాల్చుకుని కట్టాను. కప్పు పట్టుకుని బావ, ఇంజను మొత్తం తనే కట్టానని అందరి ముందూ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. సొమ్మొకడిది, సోకొకడిది!

పోనీలే, అన్న కొడుకేగా, వదిలెయ్యమంది అమ్మ. అమ్మకేం, కడుపు మండింది నాది.

ఈ ఏడూ రేసు పెట్టారు, హసన్‌పర్తి దాటాక ప్లాట్లు అమ్మడానికి వేసిన వెంచర్ రోడ్డు మీదే. టూ స్ట్రోక్ క్లాసులో దిగితే నాకు ఎదురే లేదు, కప్పు ఇంటికొచ్చినట్టే. దోస్తులందరూ అదే మేలన్నారు. కానీ బావ దిగేది స్టాక్ క్లాసులో. అక్కడ బయటి సామాను పెట్టకూడదు, ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన భాగాలే ఉండాలి. కప్పు ఎవడిక్కావాలి? నాకు బావ కావాలి. స్టాక్‌లోనే పేరిచ్చాను.

ఆ రూలులో ఒక సందుంది. కంపెనీ భాగమైతే చాలు, ఏ సంవత్సరానిదైనా సరే. మొదట్లో వచ్చిన బండ్ల హెడ్డులో, అంటే ఇంజను పైభాగంలో, కంప్రెషన్ ఎక్కువ, పెట్రోలు పంపే కార్బొరేటర్ చిన్నది. తర్వాత వచ్చినవాటికి కార్బొరేటర్ పెద్దది, హెడ్డు నీరసం. రెండింట్లో మంచివి కలిపిన బండిని కంపెనీ ఎన్నడూ అమ్మలేదు. నేను కలిపాను. ప్రతి బోల్టుకూ బావ మొహమే గుర్తొచ్చేది. ఇంకాస్త గట్టిగా బిగించేవాణ్ణి.

రేసు రోజు బావ టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ వచ్చాడు. వీడియోలు తీయడానికి తన దోస్తులనూ వెంట తెచ్చుకున్నాడు. గీత దాటేసరికి నా బండి రెండు బండ్ల పొడవు ముందుంది.

బావ నేరుగా ఇన్‌స్పెక్షన్ ఆయన దగ్గరికెళ్ళి, నా ఇంజనులో దొంగ సామానుందని గొడవపెట్టాడు. మా రేసుల్లో ఒక పద్ధతుంది. అనుమానపడ్డవాడే ఇంజను విప్పాలి. సామాను సరైనదని తేలితే వాడే మళ్ళీ బిగించాలి. బావ చొక్కా చేతులు మడిచి, ఫోన్లవైపు చూసి నవ్వి, పనిలో దిగాడు. హెడ్డు విప్పాడు. అంతా కంపెనీదే. ఇక బిగించమన్నారు.

హెడ్డు కూర్చోబెట్టాడు గానీ, ఇంజను కట్టినవాడెవడూ మరవని టైమింగ్ చైన్ గుర్తులు ఎక్కడ కలపాలో తెలిస్తేగా! ఒకసారి వేసి తిప్పితే ఇంజను పట్టేసింది. తీసి మళ్ళీ వేశాడు, మళ్ళీ అంతే. కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు. ఫోన్లు మాత్రం తీస్తూనే ఉన్నాయి. నేను నీడలో కూర్చుని చెరుకురసం తాగాను. చెప్పొద్దూ, అంత తియ్యటిది మళ్ళీ తాగలేదు.

చివరికి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"జర చెయ్యి పెట్టురా. ఇజ్జత్ పోతాంది."

"పెడ్త బావా. కిందటేడు నీ ఇంజను ఎవలు కట్టిండ్రో చెప్పు."

"నువ్వే," అన్నాడు.

"నాకు గాదు. గా ఫోన్లకు చెప్పు."

అటు తిరిగి చెప్పాడు. వినపడలేదన్నాను. ఇంకోసారి, గట్టిగా చెప్పాకే పానా అందుకున్నాను.